పిల్లలు కదలికలను ఎంత కచ్చితంగా అనుకరిస్తున్నారో కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల అంగన్‌వాడీ కేంద్రాల్లో, ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలతో పనిచేసేవారికి, చదువులో భాగంగా చిన్న అధ్యయనాలు చేపట్టే సైకాలజీ, ఫిజియోథెరపీ విద్యార్థులకు, తమ బిడ్డకు ఇలాంటి పరీక్ష చేస్తారని విన్న తల్లిదండ్రులకు ఉపయోగపడాలని ఈ జవాబులు రాశాను.

ఈ పరీక్షలో కొలిచేది ఏమిటి?

ఒకరు ఒక కదలికను చేసి చూపిస్తారు, బిడ్డ దాన్ని తిరిగి చేస్తుంది, ఆ రెండింటికీ పోలిక ఎంత ఉందో లెక్కగడతారు. వినడానికి ఇది తేలికైన పనే. అయితే ఏ విషయంలో పోలికను చూస్తున్నామో ముందే తేల్చుకోకపోతే ఆ లెక్కకు అర్థం ఉండదు.

చూపించేవారు కుడి చేతిని తల మీదుగా నెమ్మదిగా పోనిచ్చి, చూపుడు వేలితో ఎడమ చెవి తమ్మెను రెండుసార్లు తాకారనుకుందాం. ఇందులో చేరవలసిన చోటు ఒకటి ఉంది, అది ఎడమ చెవి. వాడిన చెయ్యి ఉంది. ఆ చెయ్యి వెళ్ళిన దారి ఉంది, ఎందుకంటే గడ్డం కిందుగా వెళ్ళినా అదే చెవిని తాకవచ్చు. వేళ్ళ అమరిక ఉంది, వేగం ఉంది, ఎన్నిసార్లు తాకాలన్న లెక్క ఉంది. ఒక బిడ్డ చెవిని సరిగ్గానే తాకి చెయ్యి మార్చవచ్చు. ఇంకో బిడ్డ చేతినీ దారినీ సరిగ్గా పట్టుకుని చెవికి బదులు చెంపను తాకవచ్చు. ఇద్దరికీ చివరకు వచ్చే మొత్తం మార్కు ఒకటే కావచ్చు, కానీ మొదటి బిడ్డ పని ఉద్దేశాన్ని పట్టుకుని పద్ధతిని వదిలేసింది, రెండో బిడ్డ పద్ధతిని పట్టుకుని కంటికి కనిపించని తన చెవి ఎక్కడుందో తడుముకుంది. మొత్తం మార్కును మాత్రమే రాసి, విడి మార్కులు చూపని నివేదికకు నేను పెద్దగా విలువ ఇవ్వను.

పని పూర్తయితే చాలదా? చేసిన తీరు కూడా ఒకేలా ఉండాలా?

కొలవదలచినది అనుకరణ అయితే తీరు కూడా చూడాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఇంట్లో పెరిగే పిల్లవాడు పెద్దవాళ్ళు చేసినట్టే నున్నటి స్పూను తయారుచేశాడంటే ఫలితాన్ని అందుకున్నాడని అర్థం. ఆకురాయిని పట్టుకోవడం, మణికట్టును తిప్పడం, ముందుకు తోసేటప్పుడు ఒత్తి వెనక్కి తీసేటప్పుడు తేలిక చెయ్యడం కూడా వాళ్ళలాగే ఉన్నాయా అన్నది వేరే ప్రశ్న. పరిశోధకులు మొదటిదాన్ని ఫలితం అందుకోవడంగానూ, రెండోదాన్ని అసలైన అనుకరణగానూ విడదీసి చూస్తారు. వస్తువుతో చేసే పనుల్లో ఈ రెండూ కలిసిపోయే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే డబ్బా మూత తెరవాలంటే ఎవరైనా దాదాపు ఒకే రకంగా తిప్పాలి. బిడ్డ మనల్ని చూసి తిప్పిందో, మూతను చూసి తిప్పిందో చెప్పలేము. తీరును మాత్రమే కొలవదలచినవారు వస్తువు లేని చేతి భంగిమలను, ఒంటి కదలికలను ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఎలాంటి కదలికలను ఎంచుకోవాలి?

బిడ్డకు ముందే అలవాటైన కదలికలను, ఎన్నడూ చూడని కదలికలను వేర్వేరు వరుసలుగా ఉంచాలి. నమస్కారం పెట్టడం, టాటా చెప్పడం, చప్పట్లు కొట్టడం లాంటివాటిని మనం మొదలుపెట్టగానే బిడ్డ గుర్తుపట్టి, తన జ్ఞాపకంలో ఉన్నదాన్ని చేసేస్తుంది. మన చేతులు ఏ ఎత్తులో ఉన్నాయో చూడవలసిన అవసరమే దానికి ఉండదు. అర్థంలేని కదలిక విషయంలో ఆ ఆసరా దొరకదు కనుక, చూసినదాన్ని చూసినట్టు ఒంట్లోకి తెచ్చుకోగల శక్తి అక్కడే బయటపడుతుంది.

విదేశాల్లో తయారైన పరీక్షలను ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు దెబ్బతినేది ముఖ్యంగా ఈ విషయంలోనే. హెరాల్డ్ బెక్కరింగ్, ఆండ్రియాస్ వోల్‌ష్లాగర్, మెరిడెత్ గాటిస్ 2000లో ప్రచురించిన ప్రయోగంలో చిన్న పిల్లలను చూపినట్టే చెవిని తాకమన్నారు. చూపించిన వ్యక్తి చేతిని అడ్డంగా తీసుకెళ్ళి అవతలి చెవిని తాకినప్పుడు, పిల్లలు చెవిని సరిగ్గానే ఎంచుకున్నారు కానీ చాలాసార్లు ఆ పక్క చేత్తోనే తాకేశారు. పరీక్ష మొత్తంలో ఒకే చెవిని వాడి చూపినప్పుడు ఆ పొరపాటు చాలావరకు పోయింది. ఏ చెవి అన్నది ప్రధాన లక్ష్యంగా నిలిచినప్పుడు, ఏ చెయ్యి అన్నది పిల్లల మనసులో వెనక్కి వెళుతుందని ఆ పరిశోధకులు వివరించారు. ఇదే పరీక్షను ఒంగోలులోనో కావలిలోనో చేస్తే ఏమవుతుంది? వినాయకుడి ముందు గుంజీళ్ళు తీసిన బిడ్డకు, హోంవర్కు చెయ్యక బడిలో గుంజీళ్ళు తీసిన బిడ్డకు చేతులు అడ్డంగా వేసి చెవులు పట్టుకోవడం కొత్త విషయం కాదు. ఇక్కడి పిల్లలు ఆ కదలికను బాగా చేశారని విదేశీ పిల్లల మార్కులతో పోల్చి సంబరపడితే, మనం కొలిచింది అనుకరణను కాదు, గుంజీళ్ళ అలవాటును.

ఒకే జిల్లాలోనూ ఈ తేడా ఉంటుంది. విసురువలను భుజం మీదికి ఎత్తుకుని నడుము తిప్పి విసిరే కదలిక కొత్తపట్నం తీరంలో పెరిగే బిడ్డ రోజూ చూసేదే. చీమకుర్తి క్వారీల పక్కన పెరిగే బిడ్డకు అదొక అర్థంకాని విన్యాసం. కాబట్టి పరీక్ష ప్రారంభించే ముందు, ఆ పరీక్షలో పాల్గొనని కొందరు పిల్లలకు ప్రతి కదలికనూ చూపించి, ఇదేమిటని అడగాలి. వాళ్ళు వెంటనే పేరు చెప్పగలిగితే దాన్ని అలవాటైన వరుసలోకి మార్చాలి.

నేను ఎదురుగా నిలబడి కుడి చెయ్యి ఎత్తితే బిడ్డ ఎడమ చెయ్యి ఎత్తింది. అది తప్పా?

చిన్న పిల్లల విషయంలో తప్పుగా లెక్కించకూడదు. ఎదురుగా ఉన్నవారిని అద్దంలో చూసినట్టు అనుకరించడం పిల్లలకు సహజంగా వచ్చేది. ఎదుటివారి కుడిని తన కుడిగా మార్చుకుని చెయ్యడం వయసుతోపాటు, పదేళ్ళకు దగ్గరపడే కొద్దీ స్థిరపడుతుంది. డ్రిల్లు చేయించే వ్యాయామ ఉపాధ్యాయులకు ఇది అనుభవంలో తెలుసు: పిల్లలకు ఎదురుగా నిలబడి కుడి అని చెబుతూ తాము ఎడమ చెయ్యి ఎత్తుతారు.

కొలతకు సంబంధించినంతవరకు మూడు పద్ధతులున్నాయి. బిడ్డ అద్దంలా చేసినా, చేతికి చెయ్యిగా, అంటే కుడికి కుడిగా చేసినా రెండూ సరైనవేనని అంగీకరించడం ఒకటి. అద్దంలా చెయ్యమని ముందే చెప్పి దాన్నే సరైనదిగా లెక్కించడం రెండోది. కుడి ఎడమల బేధాన్నే పరీక్షించదలచినప్పుడు ముందుగా వేరే అభ్యాసం ఇచ్చి, చేతికి చెయ్యిగా చేసినదాన్నే లెక్కలోకి తీసుకోవడం మూడోది. ఏదైనా పరవాలేదు, కానీ సగం పిల్లలకు ఒకటి, మిగిలిన సగానికి ఇంకొకటి వర్తింపజేయకూడదు. ఒకే బిడ్డ ఒక కదలికను అద్దంలా, మరొకదాన్ని మరోలా చేస్తూ పోతే ఆ ఊగిసలాటను కూడా రాసుకోవాలి. అదీ ఒక సమాచారమే.

ఎడమ చేత్తో చూపించిన పనిని మా పిల్లలు కుడి చేత్తో చేస్తున్నారు. ఎందుకు?

అనుకరణ శక్తి తక్కువై కాకపోవచ్చు. ఎడమ చేత్తో తినకూడదని, ఇవ్వకూడదని, పుచ్చుకోకూడదని మన ఇళ్ళలో మాటలు వచ్చే వయసు నుంచే చెబుతారు. పుర్రచేతి వాటమున్న పిల్లలను కుడికి మార్చే ప్రయత్నాలు ఇప్పటికీ జరుగుతున్నాయి. అందువల్ల పరీక్షకురాలు ఎడమ చేత్తో పళ్ళెం అందించి చూపితే బిడ్డ మర్యాద కోసం చెయ్యి మార్చవచ్చు, అది నేర్చుకున్న సంస్కారం. ఇవ్వడం, తినడం, మొక్కడం లాంటి పనులను ఒంటిచేతి అంశాల్లోంచి తీసెయ్యడం మంచిది. అలాగే ప్రతి బిడ్డ ఏ చేతి వాటమో, ఇంట్లో మార్చే ప్రయత్నం జరిగిందో ముందుగా తల్లిని అడిగి తెలుసుకోవాలి.

చేసి చూపేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలేమిటి?

చెప్పే మాట ఒక్కటే ఉండాలి, అందరికీ అదే మాట వాడాలి. "నేను చేసినట్టే చెయ్యి" అన్నదానికీ "ఇప్పుడు నువ్వు చెయ్యి" అన్నదానికీ పిల్లల ప్రవర్తనలో తేడా వస్తుంది. మొదటిది తీరును చూడమంటుంది, రెండోది పనిని పూర్తిచెయ్యమంటుంది. చెయ్యి పైకెత్తు, వేలు మడుచు అని నోటితో వివరించకూడదు, అలా చేస్తే చూపును కాక వినికిడిని పరీక్షించినట్టవుతుంది. ఎన్నిసార్లు చూపాలో ముందే నిర్ణయించుకోవాలి. మెచ్చుకోలు సరిగా చేసినా చెయ్యకపోయినా ఒకేలా ఉండాలి, లేదంటే మీ ముఖాన్ని బట్టి బిడ్డ సర్దుకోవడం మొదలుపెడుతుంది.

మనం చేస్తుండగానే బిడ్డ కూడా చెయ్యాలా, మనం ఆపాక చెయ్యాలా అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ఫలితాన్ని బాగా మారుస్తుంది. కలిసి చేసేటప్పుడు జ్ఞాపకంతో పనిలేదు, కానీ కాలాన్ని పట్టుకోవాలి. ఆపాక చేసేటప్పుడు కాలం పట్టింపు తగ్గి జ్ఞాపకం మీద భారం పడుతుంది. బిడ్డ నిజంగా చూసిందా లేదా అన్నది మూడో విషయం. మనం చూపుతున్నప్పుడు కిటికీలోంచి మేకపిల్లను చూస్తూ కూర్చున్న బిడ్డకు సున్నా వెయ్యడం న్యాయం కాదు. ఆ అంశాన్ని చెల్లని ప్రయత్నంగా రాసి, మరోసారి చూపాలి.

ఇంకొకటి. రెండేళ్ళ లోపు పిల్లలు తెర మీద చూసినదాని కంటే ఎదుట మనిషి చేసి చూపినదాన్ని ఎక్కువగా అనుకరిస్తారు. అందరికీ ఒకేలా ఉంటుందని వీడియో చూపించడం పెద్ద పిల్లలకు సరిపోవచ్చు, అంగన్‌వాడీకి ఇంకా రాని వయసువారికి సరిపోదు.

మార్కులు ఎలా వెయ్యాలి?

ఎక్కువమంది వాడే పద్ధతి మూడు మెట్లది. సరిగ్గా చేస్తే రెండు, ప్రయత్నం గుర్తుపట్టేలా ఉండి లోపాలుంటే ఒకటి, చెయ్యకపోయినా వేరేది చేసినా సున్నా. వెండీ స్టోన్, ఆమె సహచరులు 1997లో చిన్న పిల్లల కోసం ప్రచురించిన కదలికల అనుకరణ స్కేలులో 16 అంశాలను ఈ విధంగానే లెక్కిస్తారు. పక్షవాతం తదితరాల తర్వాత పెద్దవారిలో వచ్చే అప్రాక్సియాను, అంటే కండరాల్లో బలమున్నా నేర్చిన కదలికలను చెయ్యలేకపోవడాన్ని గుర్తించడానికి ఎన్నియో డి రెంజీ 1980లో రూపొందించిన పరీక్షలో 24 కదలికలు, ఒక్కోదానికి మూడు మార్కులు, మొత్తం 72. అక్కడ మార్కు ఎన్నో ప్రయత్నంలో సరిగ్గా చేశారన్నదాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఆ మూడు మార్కులనూ ఈ రెండు మార్కులనూ ఒకే తక్కెడలో పెట్టకూడదు.

చేతి భంగిమలకు మాత్రమే పరిమితమైనవి కూడా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో బెర్జెస్, లెజీన్ 1963లో ప్రచురించిన పరీక్ష మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలది. నెప్సీ అనే న్యూరోసైకాలజీ పరీక్షల సముదాయంలో చేతి భంగిమలను అనుకరించే భాగం మూడు నుంచి పన్నెండేళ్ళ వరకు వర్తిస్తుంది.

మీరు సొంతంగా తయారుచేసుకునేటట్లయితే, ఒక్కో కదలికకు ఒక్క మార్కు కాకుండా చోటు, చెయ్యి, దారి, ఆకారం, కాలం అన్న గడులతో పట్టిక గీయమని నా సలహా. తల మీదుగా చెవి తాకే కదలికలో చెవి తమ్మె తాకితేనే చోటు సరైనదా, చెవి మీద ఎక్కడ తాకినా సరైనదేనా అన్నవి కూడా పట్టిక కింద వాక్యాలుగా రాసి ఉండాలి. పరీక్ష మధ్యలో ఎదురయ్యే ప్రతి సందేహానికి అప్పటికప్పుడు తోచిన తీర్పు ఇస్తే, ఉదయం వచ్చిన పిల్లలకు ఒక న్యాయం, మధ్యాహ్నం వచ్చిన పిల్లలకు ఒక న్యాయం జరుగుతుంది.

ఇద్దరు మార్కులు వేస్తే నూటికి ఎనభైసార్లు ఏకీభవించారు. అది చాలు కదా?

చాలకపోవచ్చు. నూరు కదలికలలో డెబ్బైని ఇద్దరూ సరైనవన్నారు, పదింటిని ఇద్దరూ తప్పన్నారు, మిగిలిన ఇరవైలో పదింటిని మొదటివారు మాత్రమే, పదింటిని రెండోవారు మాత్రమే సరైనవన్నారనుకుందాం. ఏకీభావం 0.80. అయితే ఇద్దరూ ఎనభై కదలికలను సరైనవని చెప్పే అలవాటున్నవారే కనుక, ఒక్క కదలికను కూడా చూడకుండా గుడ్డిగా మార్కులు వేసుకుంటూ పోయినా 0.64, 0.04 కలిపి 0.68 వరకు ఏకీభవిస్తారు. జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా అనే కొలత ఈ యాదృచ్ఛిక భాగాన్ని తీసేస్తుంది: 0.80లోంచి 0.68 తీసి, వచ్చిన 0.12ను 0.32తో భాగిస్తే 0.375. అంటే చూసి వేసిన మార్కులలో నిజమైన ఒప్పందం అంతంత మాత్రమే.

ఎక్కువ కదలికలను ఎక్కువ పిల్లలు సరిగ్గా చేసే పరీక్షల్లో ఈ మోసం మరీ ఎక్కువ. అందుచేత రెండోవారు వీడియో చూసి, మొదటివారి మార్కులు చూడకుండా, బిడ్డ అధ్యయనంలోని ఏ గుంపులో ఉందో తెలియకుండా మార్కులు వెయ్యాలి.

ఫోను కెమెరాతో, కంప్యూటరుతో కొలవలేమా?

కొలవవచ్చు, ఇప్పుడు అది చాలామందికి అందుబాటులో ఉంది కూడా. 2010లో మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ అనే లోతును కొలిచే కెమెరా వచ్చినప్పటి నుంచి, ఒంటికి ఏ గుర్తులూ అంటించకుండా కీళ్ళ స్థానాలను తెలుసుకోవడం సులువైంది. దాని రెండో రకం 25 కీళ్ళను గుర్తించేది. ఆ తర్వాత ఓపెన్‌పోజ్, మీడియాపైప్ లాంటి ప్రోగ్రాములు మామూలు వీడియో నుంచే ఈ పని చేస్తున్నాయి. మీడియాపైప్ ఒక మనిషిలో 33 బిందువులను సూచిస్తుంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో కెన్నెడీ క్రీగర్ ఇన్‌స్టిట్యూట్, జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2021లో ప్రచురించిన కామీ అనే పద్ధతి పిల్లలు చేసే నాట్యం లాంటి ఒంటి కదలికలను కైనెక్ట్‌తో పట్టుకుని, పోలికను కంప్యూటరే లెక్కగట్టేలా చేసింది. అదే పద్ధతిని తర్వాత మామూలు కెమెరా వీడియోకు కూడా విస్తరించారు.

లోపల జరిగే పని ఇలా ఉంటుంది. పెద్దవారి చెయ్యి పొడవు, బిడ్డ చెయ్యి పొడవు ఒకటి కావు కాబట్టి చేతి స్థానాన్ని సెంటీమీటర్లలో పోల్చడం కుదరదు. భుజం, మోచెయ్యి, మణికట్టు అనే మూడు బిందువుల మధ్య కోణాన్ని లెక్కగడితే ఒంటి పరిమాణం అడ్డురాదు. చూపినవారి మోచేతి కోణం 90 డిగ్రీలు, బిడ్డది 70 డిగ్రీలు అయితే ఆ క్షణంలో తేడా 20 డిగ్రీలు. సెకనుకు 30 ఫ్రేములు తీసే వీడియోలో పది సెకన్ల కదలికకు ఒక్కో కీలుకు 300 కోణాలు వస్తాయి. బిడ్డ అర సెకను వెనకబడి, అంటే 15 ఫ్రేముల ఆలస్యంతో చేస్తే, కదలిక చక్కగానే ఉన్నా ఫ్రేముకు ఫ్రేము పోల్చినప్పుడు అన్నీ తప్పులుగానే కనిపిస్తాయి. డైనమిక్ టైమ్ వార్పింగ్ అనే గణన పద్ధతి ఒక వరుసను అవసరమైన చోట సాగదీసి, అవసరమైన చోట కుదించి రెండో వరుసతో జత చేస్తుంది కాబట్టి ఆ ఆలస్యం పోతుంది. కానీ పోయిందన్న సంగతి మరచిపోకూడదు. కాలాన్ని క్షమించిన కొలతను కాలం గురించి చెప్పే కొలతగా వాడలేము, కనుక ఎంత సాగదీయవలసి వచ్చిందో వేరే గడిలో రాసిపెట్టాలి.

మన దగ్గర వీడియో తీసేటప్పుడు వచ్చే ఇబ్బందులు వేరు. పరికిణీ కట్టిన పిల్లల మోకాళ్ళను ప్రోగ్రాము ఊహించి పెడుతుంది, అది ఊహ అని చెప్పదు. వరండాలో వెలుతురుకు వీపు పెట్టి నిలబడ్డ బిడ్డ నల్లటి నీడగా మారిపోతుంది. పక్కన తోబుట్టువు నిలబడితే బిందువులు ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి దూకుతాయి. ఒకే కెమెరాకు లోతు సరిగా తెలియదు, కాబట్టి చెయ్యి కెమెరా వైపు చాచే కదలికలను పక్కనపెట్టి, పక్కలకు చాచేవాటిని ఎంచుకోవాలి. వేళ్ళ భంగిమలు ఒళ్ళంతా కనిపించే వీడియోలో చాలా చిన్నవిగా ఉంటాయి. వాటికి దగ్గరగా పెట్టిన రెండో కెమెరా కావాలి, లేదా మనిషి కళ్ళనే నమ్ముకోవాలి. కంప్యూటరు ఇచ్చే అంకె దశాంశాలతో వస్తుంది కాబట్టి ఎక్కువ నిజమనిపిస్తుంది. అది కచ్చితత్వం కాదు, దశాంశం మాత్రమే.

బిడ్డకు ఆ కదలికే చేతకాకపోతే?

అప్పుడు అనుకరణ గురించి ఏమీ తెలియదు. ఒంటికాలి మీద నిలబడలేని నాలుగేళ్ళ బిడ్డ, చూపినవారి ఒంటికాలి భంగిమను అనుకరించలేదని రాయడంలో అర్థం లేదు. ప్రతి కదలికకూ ఒక జంట పరీక్ష ఉండాలి: అదే కదలికను చూపకుండా మాటలతో అడగడం, లేదా చేతిని పట్టుకుని ఆ భంగిమలో పెట్టి నిలపగలదా అని చూడడం. నిలపగలిగి, చూసి చెయ్యలేకపోతేనే అనుకరణ లోపం గురించి మాట్లాడే అవకాశం వస్తుంది. కంటి చూపును కూడా ముందే పరీక్షించాలి. చాలా అధ్యయనాలు ఈ తేలికైన పనినే వదిలేస్తాయి.

ఏ వయసు నుంచి కొలవవచ్చు?

పుట్టిన పసికందులు అనుకరిస్తారా అన్నది నలభై ఏళ్ళ వాదన. ఆండ్రూ మెల్ట్‌జాఫ్, కీత్ మూర్ 1977లో 12 నుంచి 21 రోజుల శిశువులు నాలుక చాపడం, నోరు తెరవడం వంటివాటిని అనుకరిస్తారని ప్రకటించారు. 2016లో జానైన్ ఊస్టెన్‌బ్రూక్, ఆమె సహచరులు 106 మంది శిశువులను ఒకటి, మూడు, ఆరు, తొమ్మిది వారాల వయసుల్లో పరీక్షించి, అందుకు ఆధారం కనబడలేదని రాశారు. శిశువు ఏ ఉత్సాహం కలిగినా నాలుక చాపుతుంది కాబట్టి, చూపనప్పుడు కంటే చూపినప్పుడు ఎక్కువ చాపిందా అన్నది మాత్రమే కాక, వేరేది చూపినప్పుడు కంటే ఎక్కువ చాపిందా అన్నది కూడా చూడాలి. నా ఉద్దేశంలో ఈ వాదన మొత్తం పోల్చుకోవడానికి ఏది పక్కన పెట్టారన్నదాని మీద నడిచింది.

ఆ తర్వాతి వయసుల్లో ఇంత గొడవ లేదు. వస్తువులతో చేసే చిన్న పనులను తొమ్మిది నెలల పిల్లలు ఒక రోజు తర్వాత కూడా గుర్తుపెట్టుకుని చేస్తారని మెల్ట్‌జాఫ్ 1988లో చూపారు. అర్థంలేని భంగిమలతో వరుసగా కూర్చోబెట్టి చేసే పరీక్ష మాత్రం మూడేళ్ళు దాటాకే నిలుస్తుంది.

ఎక్కువ కచ్చితంగా అనుకరించే బిడ్డ ఎక్కువ తెలివైనదా?

అలా అనుకోవడానికి వీల్లేదు. జార్జి గెర్గే, హెరాల్డ్ బెక్కరింగ్, ఇల్డికో కిరాయ్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక వ్యక్తి చేతులు ఖాళీగా ఉన్నా నుదుటితో దీపం పెట్టెను నొక్కి వెలిగించినప్పుడు 14 నెలల పిల్లల్లో 69 శాతం మంది అలాగే నుదుటితో నొక్కారు. అదే వ్యక్తి చలికి దుప్పటి కప్పుకుని, చేతులతో దాన్ని పట్టుకుని ఉన్నప్పుడు 21 శాతం మందే నుదురు వాడారు. మిగిలినవారికి చేతులుంటే చేతులతోనే నొక్కవచ్చని తోచినట్టుంది. ఇక్కడ తక్కువ అనుకరణే ఆలోచనకు గుర్తుగా కనిపిస్తుంది.

దీనికి తలకిందులుగా కనిపించేది కూడా ఉంది. విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో లోపల ఏముందో కనిపించే పెట్టెను తెరవడానికి అనవసరమైన పనులను చింపాంజీలు వదిలేశాయి, మూడు నాలుగేళ్ళ పిల్లలు మాత్రం అన్నీ చేశారు. మార్క్ నీల్సన్, కీయాన్ టోమసెల్లి 2010లో కలహారి ఎడారి ప్రాంతపు బుష్‌మెన్ పిల్లల్లోనూ ఇదే చూశారు. పిల్లలు మన మాట కోసం, మనతో కలిసి ఉండడం కోసం, ఇలాగే చెయ్యాలేమో అన్న భావనతో కూడా అనుకరిస్తారు. కాబట్టి అనుకరణ పరీక్షను ప్రవేశ పరీక్షగానో, తరగతిలో ర్యాంకులకో వాడడం సరికాదు.

మార్కులు తక్కువ వస్తే ఆటిజం ఉన్నట్టా?

కాదు. ఆటిజం ఉన్న పిల్లల సమూహాల్లో అనుకరణ సగటు తక్కువగా ఉందని అనేక అధ్యయనాలు చూపాయి, కానీ ఒక్క బిడ్డ మార్కు నుంచి వెనక్కి నడిచి రోగ నిర్ధారణకు చేరుకోలేము. కదలికల సమన్వయ లోపం, ఏకాగ్రత లోపం, చూపు సమస్య, బిడియం, పరీక్షకురాలి మాట అర్థం కాకపోవడం కూడా అదే మార్కును తెస్తాయి. పదహారు నుంచి ముప్ఫై నెలల పిల్లల్లో ఆటిజం అవకాశాన్ని ముందుగా గుర్తించడానికి తల్లిదండ్రులను అడిగే ఎం-చాట్-ఆర్ ప్రశ్నావళిలో బిడ్డ మీరు చేసేవాటిని అనుకరించడానికి ప్రయత్నిస్తుందా అన్న ప్రశ్న ఉంది, కానీ అది ఇరవై ప్రశ్నల్లో ఒకటి మాత్రమే.

అనుమానం ఉంటే వెళ్ళవలసిన చోటు వేరే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఏడాదికి ఒకసారి పరీక్షించి, ఎదుగుదల ఆలస్యం కనిపించినవారిని జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపించాలి. సికింద్రాబాద్‌లోని మేధో దివ్యాంగుల జాతీయ సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ) ఆధ్వర్యంలో నడిచే సీఆర్‌సీ, అంటే దివ్యాంగులకు సేవలందించే ప్రాంతీయ కేంద్రం నెల్లూరులో ఉంది. ఎదిగే కొద్దీ అదే సర్దుకుంటుందని ఇంట్లో పెద్దలు చెప్పినా, రెండేళ్ళ బిడ్డ పిలిస్తే పలకకపోవడం, వేలితో చూపించకపోవడం లాంటివి కూడా తోడైతే ఆగకుండా తీసుకెళ్ళండి.

మిర్రర్ న్యూరాన్లను కొలిస్తే సరిపోదా?

తాను ఒక పని చేసినప్పుడూ, ఇతరులు అదే పని చేస్తుంటే చూసినప్పుడూ స్పందించే మెదడు కణాలవి. ఇటలీలోని పార్మాలో రిజ్జోలాటి బృందం 1990ల తొలినాళ్ళలో కోతుల మెదడులో వాటిని గుర్తించింది. బిడ్డ చెయ్యి ఎంత సరిగ్గా ఎత్తిందో తెలుసుకోవడానికి మాత్రం చేతినే చూడాలి.

ఎన్ని కదలికలు పెట్టాలి?

తక్కువ పెడితే మార్కు నిలకడగా ఉండదు, ఎక్కువ పెడితే బిడ్డ అలసిపోతుంది. అంశాలు పెంచితే మార్కు నిలకడ ఎంత పెరుగుతుందో చెప్పే స్పియర్‌మన్–బ్రౌన్ సూత్రం ప్రకారం ఎనిమిది అంశాల పరీక్ష విశ్వసనీయత (ఆ నిలకడకు 0 నుంచి 1 వరకు ఇచ్చే అంకె) 0.50 అయితే, అలాంటివే మరో ఎనిమిది చేర్చితే అది 0.67కు పెరుగుతుంది. మధ్యలో చెమ్మచెక్క లాంటి ఆట ఆడించి విరామం ఇస్తే నాలుగేళ్ళవారు కూడా పదహారు అంశాలను ఓపికగా చేస్తారు. అందరూ సరిగ్గా చేసేవి, ఎవరూ చెయ్యలేనివి పరీక్షలో ఉన్నా లేనట్టే.

తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరా? వీడియోలను ఏం చెయ్యాలి?

తప్పనిసరి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధనలో తల్లిదండ్రుల సమ్మతితోపాటు ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లల నుంచి మాటరూపంలో, ఆ పైన పద్దెనిమిదేళ్ళ వరకు రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే పరిగణించి, తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతిని అడుగుతుంది. ప్రధానోపాధ్యాయుల సంతకం ఈ రెండింటికీ ప్రత్యామ్నాయం కాదు. వీడియో నుంచి కీళ్ళ బిందువులను తీసుకున్నాక ముఖం కనిపించే ఫైలును ఎప్పుడు చెరిపేస్తారో సమ్మతి పత్రంలో తేదీతో సహా రాయాలి, ఎవరి సొంత ఫోనులోనూ అది మిగలకూడదు. బిడ్డ మధ్యలో వద్దంటే అక్కడితో ఆపాలి; తల్లి సంతకం బిడ్డ వద్దన్న మాటను రద్దు చెయ్యదు.

తరగతి మొత్తాన్ని ఒకేసారి పరీక్షించవచ్చా?

వద్దు. వరుసలో నిలబడిన పిల్లలు మిమ్మల్ని చూడరు, పక్కవాళ్ళను చూస్తారు. ముందు వరుసలో ఎవరో ఒకరు చెయ్యి మార్చగానే వెనక నలుగురు మారుస్తారు, అప్పుడు మీరు వేసిన ముప్ఫై మార్కులు ముప్ఫై మంది పిల్లలవి కావు. ఒక్కొక్కరినే పిలిచి, వంతు కోసం ఎదురుచూసేవారికి ఆ గది కనిపించకుండా, పరీక్ష పూర్తయిన పిల్లలు వాళ్ళతో కలవకుండా కూర్చోబెట్టాలి. లేకపోతే బయటికి వచ్చిన పిల్లవాడు వరండాలోనే అన్ని భంగిమలనూ చేసి చూపిస్తాడు.